కసరత్తు హాలు తాళం

పర్వతాలుకు ఇద్దరు పెళ్ళాలని బోయిగూడలో వేళాకోళం చేసేవారు. ఒకామె ఇంట్లో ఉన్న విజయమ్మ. రెండోది రెజిమెంటల్ బజారు వెనక, మిషను బడి ఆవరణలో ఉన్న కసరత్తు హాలు. ఆ మాట మొదట పుట్టించింది విజయమ్మే కాబట్టి ఆయన ఎవరినీ ఏమీ అనలేకపోయేవాడు. పైగా అందులో అబద్ధం కూడా పెద్దగా లేదు. ఇంటి గోడకు సున్నం రాలి మూడేళ్ళయినా పట్టించుకోని మనిషి, హాలు నేల మీద వెంట్రుకంత గీత పడితే ఆ పూట అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

ఆ నేల మామూలుది కాదు. వెనకటి రోజుల్లో గోరా సోల్జర్ల కసరత్తు కోసం కట్టిన హాలు అది. రెండు మూరల మందం గోడలు. మనిషికి రెండింతల ఎత్తున చిన్న చిన్న కిటికీలు, వాటికి ఇనుప కడ్డీలు. ఒకే ఒక్క టేకు తలుపు, ఏనుగు వచ్చి తోసినా కదలనిది. లోపల పైకప్పు నుంచి వేలాడే తాళ్ళు, దూకడానికి చెక్క గుర్రం, గోడల పొడుగునా నిచ్చెనలు, కసరత్తుకు తిప్పే బరువైన చెక్క గదలు, వరసగా నిలబెట్టిన ముగ్దర్లు. కింద బర్మా టేకు పలకలు. వాటి కింద మళ్ళీ దూలాలు ఎలా వేశారో గాని, పైన ఎగిరి దూకితే నేల కాస్త కిందికి దిగి మళ్ళీ మనిషిని పైకి తోసేది. పటాలం తిరుమలగిరి వైపు తరలిపోయినప్పుడు హాలును మిషను బడికి అప్పజెప్పారు. హాలుతో పాటు పర్వతాలును కూడా అప్పజెప్పారు. అప్పటికే అక్కడ ఒక గోరా సార్జెంటు దగ్గర నేలకు మైనం పట్టించే పని నేర్చుకున్న కుర్రవాడతను. సార్జెంటు సీమకు పోతూ చెప్పింది ఒకటే మాటట, ఈ నేల మీద ఎవడి చెప్పూ పడనివ్వకు అని.

అంతే, ముప్పై ఏళ్ళు పడనివ్వలేదు. హాలు గుమ్మం పక్కన నూటిరవై గూళ్ళున్న చెక్క స్టాండు ఉండేది. పిల్లలైనా, డ్రిల్లు మాస్టారైనా, బడి చూడవచ్చిన దొరైనా, చెప్పులో బూట్లో విప్పి అందులో పెట్టాల్సిందే. ఒకసారి విద్యాశాఖ నుంచి వచ్చిన పెద్దాయన మేజోళ్ళకు చిల్లులున్నాయని విప్పనంటే, పర్వతాలు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఆయన్ను బయటి నుంచే చూసి పొమ్మన్నాడు. హెడ్మాస్టరు అబ్రహాం గారు తల పట్టుకున్నారు గాని కాదనలేకపోయారు.

ఆ స్టాండు వల్ల ఇంకో సౌకర్యం కూడా కుదిరింది. సాయంత్రం హాలు మూసేటప్పుడు లోపలికి పోయి మూలమూలా వెతికే పని లేదు. స్టాండు చూస్తే చాలు. ఒక్క జత ఉన్నా లోపల మనిషి ఉన్నట్టు. గూళ్ళన్నీ ఖాళీ అయితే హాలు ఖాళీ. తలుపు లాగి, పిడికెడంత అలీగఢ్ తాళం వేసి, తాళంచెవి మొలకు కట్టుకుని ఇంటికి. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా లెక్క తప్పలేదని ఆయన గర్వం. బడిలో అందరికీ ఆ గర్వం సంగతి తెలుసు, అందరికీ నచ్చేది కూడా.

ఆ లెక్కలోకి రాని మనిషి ఒకతె ఉంది. రోసమ్మ. హాలు ఊడ్చి, కొబ్బరి పీచుతో నేలకు మైనం రుద్దే మనిషి. ఆమెకు చెప్పులు లేవు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి లేవు. సీతాఫల్‌మండిలో కూతురు సలోమి దగ్గర ఉంటూ, పొద్దున్నే నడిచి వచ్చి, పది గంటలకల్లా పని ముగించుకుని వెళ్ళిపోయేది. చిన్నప్పుడు చీము కారి చెవులు సరిగా వినపడేవి కావు. పర్వతాలును ‘అన్నా’ అనేది. ఆయన గట్టిగా అరిచి చెప్తే తప్ప వినపడక, ఆయన ఎప్పుడూ కోపంగా ఉన్నాడనుకుని ఎప్పుడూ నవ్వుతూ ఉండేది. పదేళ్ళ పాటు ఆ నేలను ఆయనతో పాటు ఆమె కూడా సాకింది. హాలును మెచ్చుకున్న వాళ్ళెవరూ ఆమె పేరెత్తలేదు, అది వేరే సంగతి.

నలభై ఎనిమిది సెప్టెంబరులో ఒక సోమవారం నాడు బడికి పిల్లలు సగం మంది కూడా రాలేదు. యూనియన్ సైన్యం వస్తుందని కొందరు, రాదని కొందరు, రజాకార్లు లారీల్లో తిరుగుతున్నారని ఇంకొందరు. ఎవరి భయం వాళ్ళది. పదకొండింటికి సరిహద్దు దాటారన్న కబురు నిజమేనని తేలింది. అబ్రహాం గారు స్వయంగా గంట కొట్టి బడి మూసేశారు. కసరత్తు హాల్లో ఉన్న పిల్లలు ఎవరి చెప్పులు ఎవరివో చూసుకోకుండా దొరికినవి తొడుక్కుని పరుగెత్తారు. రెండు నిమిషాల్లో స్టాండు ఖాళీ.

రోజూ పదింటికే వెళ్ళిపోయే రోసమ్మ ఆ రోజు వెళ్ళలేదు. మనవడికి జ్వరమని ఆలస్యంగా వచ్చింది. హాలు చివరనున్న సామాన్ల గదిలో, తలుపు దగ్గరికి వేసుకుని, చెక్క గుర్రం తోలుకు నూనె పట్టిస్తూ కూర్చుంది. గంట ఆమెకు వినపడలేదు. పిల్లల అరుపులూ వినపడలేదు. పర్వతాలు గుమ్మం దగ్గరికి వచ్చాడు, స్టాండు చూశాడు, తలుపు లాగాడు, తాళం వేశాడు. ఆవరణ చివరనున్న బంగళాలో అబ్రహాం గారికి అంతా వెళ్ళిపోయారని చెప్పి బోయిగూడ దారి పట్టాడు.

బుధవారం పొద్దున్న సలోమి ఆయన ఇంటికి వచ్చింది. ఎవరూ బయట తిరగవద్దని చాటింపు వేసిన రోజులు. చంకలో పిల్లవాణ్ణి వేసుకుని, సందులు పట్టుకుని వచ్చింది.

“మామా, మా అమ్మ సోమారం సంది ఇంటికి రాలే. వాన పడితే సారు బంగళాల పండుకుంటది గద, అట్లనే ఉన్నదనుకున్న. మూడొద్దులాయె. నువ్వేమన్న సూసినవా?”

“బంగళాల లేదు బిడ్డా. సారుకు చెప్పి వచ్చినప్పుడు నేను సూసిన, ఎవ్వరు లేరాడ.”

“మరి హాల్ల...”

“హాల్ల ఎవరుంటరు? నేనే తాళమేసిన. స్టాండుల ఒక్క చెప్పు లేదు. అందరు పోయిండ్రు.”

సలోమి పిల్లవాణ్ణి చంక మార్చుకుంది. “ఒక్కసారి తాళం తీసి సూద్దుమా మామా?” అంది.

పర్వతాలుకు ఆ మాట ఎక్కడో తగిలింది. ముప్పై ఏళ్ళుగా ఎవరూ అడగని మాట అది. విజయమ్మ కూడా వంటింట్లోంచి “జెర పోయి సూసి రారాదు, నీ సొమ్మేం పోతది” అని అరిచేసరికి ఇంకా పౌరుషం వచ్చింది.

“స్టేషన్ కాడ లారీలు నిలవడ్డయంట. దేని కోసం పోవాలె? నేను సూస్కోకుండ తాళమేస్తనా? ముప్పై ఏండ్లల్ల ఏసిన్నా? మీ అమ్మ లాలాగూడల మీ చిన్నమ్మ ఇంటికి పోయి ఉంటది. నువ్వు గిట్ల పోరణ్ణేసుకొని తిరగకు. ఇంటికి పో.”

ఆయన అంత గట్టిగా చెప్పాక ఇంకేం ఉంది? సలోమి వెనక్కి తిరిగింది. బడి దాకా పోదామని బయలుదేరిన మనిషి, ఆయన మాట మీద లాలాగూడ వైపు పోయింది. అక్కడా లేదు. మర్నాడు ఆసుపత్రికి పోయింది, ఆ మర్నాడు చర్చికి. శుక్రవారం నిజాం లొంగిపోయాడన్నారు. శనివారం యూనియన్ సైన్యం సికింద్రాబాదులోకి వచ్చింది. జనం రోడ్ల మీదికి వచ్చారు. కొందరు దండలతో వచ్చారు, కొందరు తలుపులు బిగించుకుని ఇళ్ళల్లోనే ఉన్నారు.

ఆదివారం పొద్దున్న పర్వతాలుకు అబ్రహాం గారి నుంచి కబురు వచ్చింది. సిపాయిలకు దిగడానికి చోటు కావాలట, ఆఫీసరు కసరత్తు హాలు చూస్తాడట, తాళంచెవి తెమ్మన్నారు. దారి పొడుగునా ఆయన ఆలోచించింది ఒక్కటే, ఈ బూట్లవాళ్ళ చేత బూట్లు ఎలా విప్పించాలి అని. హిందుస్తానీలో ఎలా అడిగితే మర్యాదగా ఉంటుందో మనసులో రెండు మూడు రకాలుగా అనుకుంటూ వచ్చాడు. బంగళా మెట్ల దగ్గర సలోమి నిలబడి ఉంది, తల్లి గురించి సారును అడగడానికి వచ్చి. ఆమెను చూసి తల ఊపాడు. హాలు దగ్గరికి పోయి, చేతులు కట్టుకుని, “సాబ్, మెహర్బానీ, జూతే...” అని స్టాండు చూపించాడు. ఆ ఆఫీసరు ఎవరోగాని మంచివాడే, నవ్వి వంగి లేసులు విప్పుకోవడం మొదలుపెట్టాడు. పర్వతాలు తాళం తీసి తలుపు తోశాడు.

వాసన వచ్చింది.

రోసమ్మ కిటికీ కింద, గోడ నిచ్చెన పాదం దగ్గర పడి ఉంది. ఒక్క చూపు చూసి పర్వతాలు వెనక్కి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. మళ్ళీ లోపలికి పోలేదు. పోయింది సలోమి. ఆఫీసరు బూట్లు సగం విప్పుకుని ఆ పళంగానే లోపలికి పరుగెత్తాడు. ఆయన బూటు చప్పుడు చెక్క నేల మీద టకటకా వినిపించింది. పర్వతాలుకు ఆ చప్పుడు ఎక్కడో పక్క వీధిలో అవుతున్నట్టు అనిపించింది.

పటాలం డాక్టరు వచ్చి చూసి అయిదు నిమిషాల్లో తేల్చేశాడు. కిటికీ అందుకుందామని నిచ్చెనెక్కింది, జారింది, తలకు దెబ్బ తగిలింది. మొదటి రోజే ప్రాణం పోయి ఉంటుంది, బాధ పడి ఉండదు. అబ్రహాం గారు ఆ ఇంగ్లీషు మాటలను తెలుగు చేసి సలోమికి చెప్పారు, పర్వతాలుకూ చెప్పారు. ఆ సాయంత్రమే పూడ్చిపెట్టారు. చర్చి ఆడవాళ్ళు ఇద్దరు సలోమికి సాయం వచ్చి రోసమ్మకు బట్ట చుట్టారు.

మంగళవారం పర్వతాలు అబ్రహాం గారి ముందు తాళంచెవి పెట్టాడు. అబ్రహాం గారు దాన్ని తీసి మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టి, వేళ్ళు మూశారు. “ఇందులో నీ తప్పేం లేదు పర్వతాలూ. రోజులు అలాంటివి. ఎవరం ఏం చేయగలం?” అన్నారు. ఆయన మంచితనానికి వంక పెట్టలేం. బడి కమిటీ వాళ్ళు కూడా మంచివాళ్ళే. కాగితం మీద ‘దురదృష్టవశాత్తు’ అన్న మాట రాసి, కింద అందరూ సంతకాలు పెట్టి, ఆ సంగతి నుంచి చేతులు దులుపుకున్నారు. కాగితం మీద మనుషులు ఎంత సుఖంగా చచ్చిపోతారో చూస్తే ఒళ్ళు మండుతుంది. బోయిగూడలో ఇరుగుపొరుగు కూడా అదే మాట. రజాకార్ల వల్ల అన్నారు కొందరు, సైన్యం వల్ల అన్నారు కొందరు, చెవిటిదాన్ని పనికి పెట్టుకున్న బడి వల్ల అన్నారు ఇంకొందరు. విజయమ్మ ఒక్కతే ఆ మాటల్లో కలవలేదు. కానీ ఆ బుధవారం మాట ఎత్తలేదు కూడా.

పర్వతాలుకు ఏడుపు రాలేదు. వస్తుందని రెండు రోజులు చూశాడు, వారం చూశాడు. రాలేదు. అన్నం పెడితే తిన్నాడు, పెట్టకపోతే అడగలేదు. చింతపండు పులుసులో ఉప్పు మరిచిపోయి విజయమ్మ నాలుక కరుచుకుంటే, ఆయన అప్పటికే గిన్నె ఖాళీ చేసి చేయి కడుక్కుంటున్నాడు. ఆ ఏడు బతుకమ్మకు చెల్లెలు వచ్చి పోయింది. వచ్చినప్పుడు సంతోషం లేదు, పోయినప్పుడు దిగులు లేదు. చలి కాలంలో చేతులు తిమ్మిరెక్కితే ఏది పట్టుకున్నా పట్టుకున్నట్టు ఉండదు చూడండి, అట్లా అయిపోయింది ఆయనకు బతుకు.

సిపాయిలు మూడు నెలలు హాల్లో ఉండి వెళ్ళారు. నేల మీద ఇనుప మంచాలు లాగారు, పొయ్యిలు పెట్టారు, మేకులు కొట్టారు. హాలు తిరిగి అప్పజెప్పిన రోజు పర్వతాలు గుండె పగిలి చస్తాడని డ్రిల్లు మాస్టారు భయపడ్డాడు. పర్వతాలు నేల ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసి, “గాజు పెంకుతోని గీకాలె” అన్నాడు. అంతే. గీకాడు, మైనం పట్టించాడు. పని చేతులు చేశాయి. మనిషి అందులో లేడు.

రోసమ్మ పని కూతురికి ఇద్దామని అబ్రహాం గారికి తోచింది. సలోమి ఒప్పుకోదని అందరూ అనుకున్నారు. ఒప్పుకుంది. సంక్రాంతి సెలవులు కాగానే పనిలోకి వచ్చింది. మొదటి రోజు ఆమె కాళ్ళకు కొత్త చెప్పులున్నాయి. గుమ్మం దగ్గర ఆగి, వాటిని విప్పి, స్టాండులో మొదటి గూట్లో అందరికీ కనపడేట్టు పెట్టింది. పర్వతాలు అక్కడే ఉన్నాడు. ఆమె ఆయన మొహం చూసింది, చీపురు తీసుకుని లోపలికి పోయింది.

ఒక్క మాట అంటుందని ఆయన ఆ రోజంతా ఎదురుచూశాడు. నువ్వే చంపినవ్ అంటుంది. ముప్పై ఏండ్లు ముప్పై ఏండ్లని మిడిసిపడ్డవ్ గదా అంటుంది. లేకపోతే, పోనీ మామా, అంటుంది. ఏదో ఒకటి. లోకమంతా తప్పు లేదు తప్పు లేదని వీపు నిమురుతుంటే ఆయనకు ఊపిరాడేది కాదు. అడగగలిగిన మనిషి ఒక్కతే. ఆమె అడిగితే గాని ఆ తిమ్మిరి వదలదని ఆయనకు తెలుసు. సలోమి మైనం డబ్బా ఎక్కడుందని అడిగింది. టర్పెంటైన్ అయిపోయిందని చెప్పింది. సాయంత్రం చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

అట్లా ఎనిమిదేళ్ళు. రోజూ అదే మైనం, అదే నేల, ఆ చివర ఆమె, ఈ చివర ఆయన. ఒకే ఒక్కసారి, రెండో ఏడు, ఆయనే ధైర్యం చేశాడు.

“డాక్టరు చెప్పిండు గద బిడ్డా, మొదటి దినమే పోయిందని. తక్లీఫ్ పడలేదని.”

సలోమి నేల రుద్దడం ఆపలేదు. “ఊఁ” అంది.

ఆ ‘ఊఁ’ను ఆయన చాలా రోజులు అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్నాడు. చివరికి దాన్ని ఔననే అర్థం చేసుకున్నాడు. రోసమ్మ సోమవారమే పోయింది. అయితే బుధవారం నాడు తను తాళం తీసినా ఒకటే, తీయకపోయినా ఒకటే. ఆ డాక్టరు మాటే లేకపోతే ఆయన బతికి ఉండేవాడు కాడేమో. పొద్దున్న లేవగానే మొదట దాన్నే గుర్తు చేసుకునేవాడు.

తాళం వేసే పద్ధతి మాత్రం మారింది. స్టాండు వంక చూసేవాడు కాదు. రోజూ సాయంత్రం లోపలికి పోయి, సామాన్ల గది తలుపు తీసి, చెక్క గుర్రం వెనక చూసి, తాళ్ళ కింద నిలబడి గట్టిగా “లోపట ఎవరన్న ఉన్నరా?” అని మూడుసార్లు పిలిచేవాడు. పిలిచి, కాసేపు నిలబడేవాడు. పిల్లలు ఆయన గొంతు అనుకరించి నవ్వేవారు. కొన్నేళ్ళకు వాళ్ళు పోయి కొత్త పిల్లలు వచ్చారు, వాళ్ళూ నవ్వారు. ఎన్నికల నాడు ఆ హాల్లోనే ఓట్లు పెట్టారు. జనం చెప్పులతోనే లోపలికి నడిచిపోయారు. పర్వతాలు గుమ్మం పక్కన నిలబడి వాళ్ళకు దారి చూపించాడు. ఆ సాయంత్రం కూడా ఖాళీ హాల్లో మూడుసార్లు పిలిచి తాళం వేశాడు.

యాభై ఆరులో, ఇంకా హైదరాబాదు స్టేటు ఉండగానే, అబ్రహాం గారికి రిటైర్మెంటు వచ్చింది. కసరత్తు హాల్లోనే సన్మాన సభ పెట్టారు. మధ్యాహ్నం మూడు గంటలకు కుర్చీలన్నీ నిండిపోయాయి. అబ్రహాం గారు, ఆయన భార్య డోరమ్మ దండలు వేసుకుని వేదిక మీద కూర్చున్నారు. వాళ్ళ పక్కన మధుసూదన్ అని, ఇద్దరు కొడుకులను అదే బడిలో చదివిస్తున్న రిటైర్డు సుబేదారు. పర్వతాలు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సలోమి గుమ్మం దగ్గర టీ కప్పులు సర్దుతూ ఉంది.

అబ్రహాం గారిది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం, మాట చక్కగా ఉంటుంది. బడిలో తను గడిపిన ముప్పై ఏళ్ళను ఒక్కొక్కటే తలుచుకుంటూ పోయి, పోలీసు యాక్షను దగ్గరికి వచ్చారు.

“ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుందండీ. కిటికీలన్నీ మూసుకుని నేనూ డోరా బంగళాలో బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాం. సోమవారం సాయంత్రం మొదలైంది, ఫిరంగుల మోత. దభీ, దభీ అని. మంగళవారం రోజంతా ఉంది. మా డోరా అయితే, దగ్గరికొచ్చేశారండీ అని మంచం కింద దూరింది.” అందరూ నవ్వారు. డోరమ్మ కూడా నవ్వింది. “బుధవారం మధ్యాహ్నానికి బాగా సన్నగిల్లింది. ఆగి ఆగి వినపడేది. రాత్రికి ఎప్పుడో ఒకటి. గురువారం తెల్లవారి చూస్తే నిశ్శబ్దం. దేవుడు మన మొర ఆలకించాడని ఇద్దరం మోకాళ్ళూని ప్రార్థన చేసుకున్నాం.”

మధుసూదన్ కుర్చీలో ముందుకు వంగి నవ్వాడు. “సార్, ఏమనుకోకండి. షోలాపూర్ నుంచి వచ్చిన పటాలంల నేనున్న. సోమవారం, మంగళవారం మేం ఇక్కడికి నూరు మైళ్ళ అవతల ఉన్నం. ఆ మూడు దినాలు సికింద్రాబాద్ దగ్గర ఒక్క ఫిరంగి సుత పేలలే.”

“అయ్యో! మరి మేం విన్నదేమిటండీ?”

“ఎవరింటి తలుపో కొట్టుకున్నది సార్. భయానికి మీకు ఫిరంగిలెక్క ఇనపడ్డది.”

హాలంతా గొల్లుమంది. అబ్రహాం గారు కూడా చేతిరుమాలుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఆ తర్వాత ఆయన ఫలితాల శాతం గురించీ, కొత్త తరగతి గదుల గురించీ మాట్లాడారు. పర్వతాలు ఆ మాటలు వినలేదు. బంగళాకు వినపడే తలుపు ఆ ఆవరణలో ఏది? గాలికి కొట్టుకోవడానికి హాలు తలుపుకు తాళం వేసి ఉంది. అది లోపలి నుంచి కొట్టిన చప్పుడు. సోమవారం, మంగళవారం, బుధవారం. బుధవారం మధ్యాహ్నం ఆగి ఆగి. సలోమి తన ఇంటికి వచ్చింది బుధవారం పొద్దున్న. తాళం తీసి చూద్దామా అని అడిగింది బుధవారం పొద్దున్న. పర్వతాలు ఒక్కో వేలూ ముడుస్తూ ఆ రోజులు మళ్ళీ లెక్కపెట్టాడు. ముసలాయనకు కాళ్ళు నొప్పులని ఎవరో కుర్చీ ఇవ్వబోయారు.

సభ అయిపోయింది. ఫోటో తీశారు. దండలు, చాపలు, కప్పులు అన్నీ తీసుకుని జనం వెళ్ళిపోయారు. పొద్దు ఇంకా కిటికీల మీద ఉంది. సలోమి నేల మీద రాలిన పూలు ఊడ్చి ఒక మూలకు చేర్చింది.

“సలోమీ” అన్నాడు పర్వతాలు. “సారు చెప్పింది ఇన్నవా?”

“ఇన్న.”

“మీ అమ్మ మొదటి దినం పోలే.”

“పోలే.”

ఆమె అంత మామూలుగా అనేసరికి ఆయనకు అర్థం కాలేదు. ఆమె చీపురు గోడకు ఆనించి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

“నాకు ఆ దినమే ఎర్క మామా. నువ్వు బయట మెట్ల మీద కూసున్నవ్. నేను లోపటికి పోయిన గద. గుమ్మం కాడ ముగ్దర్ పడి ఉండె. తలుపు లోపటి దిక్కు ఎన్ని సొట్టలో. బట్ట సుట్టేటప్పుడు చేతులు సూసిన. అరచేతులు మొత్తం బొబ్బలు పలిగి ఉండె. ఒక్క పూటల అట్లయితయా? సొట్టలన్ని తర్వాత సిపాయిల పెట్టెలు తాకి పడ్డయన్నరు మీరంత. నేను ఊకున్న.”

“మరి నాకెందుకు చెప్పలే బిడ్డా? నేను డాక్టరు మాట చెప్తే ఊఁ అంటివి.”

“కోపం ఉండె. కోపం మీద చెప్తే ఏమంటనో నాకే ఎర్కలేదు. జెర తగ్గినంక చెప్దమనుకున్న. నువ్వు దినాం లోపటికొచ్చి పిలుస్తవ్ సూడు, అప్పుడు గుమ్మం కాడ నిలవడి ఇంటుండె. ఇయ్యాలన్న తగ్గుతదేమో, ఇయ్యాలన్న తగ్గుతదేమో అని. ఎనిమిదేండ్లు ఇన్న.”

“తగ్గిందా?”

“తగ్గలే.” ఆమె గొంతు పెద్దదయింది. ఖాళీ హాల్లో అది గోడలకు తగిలి తిరిగి వచ్చింది. “బతికుండె మా అమ్మ. నేను నీ ఇంటికొచ్చి అడిగినప్పుడు బతికుండె. నువ్వు లేచి నాతోని వస్తే సాలు. రాకపోతివి. స్టాండు జూసిన అంటివి. ముప్పై ఏండ్లు అంటివి. నీదే తప్పు మామా. సైన్యంది కాదు, రజాకార్లది కాదు. నీదే.”

“నాదే” అన్నాడు పర్వతాలు.

ఆ మాట అనేసరికి లోపల ఎక్కడి నుంచో ఒక అరుపు లాంటిది వచ్చింది. ఆ నేల మీద బోర్లా పడి, ఎనిమిదేళ్ళ తర్వాత పర్వతాలు ఏడ్చాడు. సలోమి పక్కన కూర్చుంది. ఊరుకొమ్మని మాత్రం అనలేదు.